దారి ఇవ్వడం కూడా ఒక విద్యే



ఛందస్సూ వ్యాకరణమూ శతకాలూ తప్ప వేరే ఊసు లేని ఈ చోట ఇవాళ కార్ల గురించి టపా చూసి మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. సైకిలును మించిన వాహనాన్ని నేనెన్నడూ నడిపి ఎరుగను. అయితే ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక, పాఠమనేది ఎక్కడ జరుగుతున్నా నా చెవులు అటే పోతాయి. ఈ నాలుగు మాటలూ ఆ చెవులతో విన్నవే.

ముందుగా నా పక్షపాతం ఏమిటో చెప్పుకోవాలి. పద్యమెత్తుకుంటే తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి వినే శిష్యుడొకడు నాకుండేవాడు. ఇరవై రెండో ఏట, ఒక అర్ధరాత్రి, స్నేహితులతో పందెం వేసుకొని రహదారి మీద మోటారుసైకిలు తోలాడు. తిరిగి రాలేదు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళిన నన్ను ఆ తల్లి అడిగినది ఒకటే ప్రశ్న: "మీ మాటైతే వినేవాడు కదా మాస్టారూ, మీరైనా ఎప్పుడూ చెప్పలేదా?" చెప్పలేదు. సంధులూ సమాసాలూ చెప్పాను గాని, వేగం గురించి నేనేం చెప్పగలను? ఆనాటి నుంచి వేగమన్న మాటే నాకు గిట్టదు. అందుకే అమెరికాలో ఉన్న మా అబ్బాయి సెలవురోజుల్లో కారును పందేల బాట మీదికి తీసుకుపోతున్నాడని తెలిసినప్పుడు పది రోజులు వాడితో మాట్లాడలేదు.

పదవీవిరమణ చేసిన మరుసటి ఏడు, 2018లో, నేను అక్కడికి వెళ్ళినప్పుడు "ఒక్కసారి చూడండి నాన్నా, తిట్టడం తర్వాత తిట్టవచ్చు" అంటూ పశ్చిమ వర్జీనియాలోని సమ్మిట్ పాయింట్ అనే చోటికి తీసుకువెళ్ళాడు. 2022లో ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు మా అల్లుడు విల్ట్‌షైర్‌లోని కాజిల్ కూమ్ చూపించాడు. రెండు చోట్లా జరిగేది ఒకే పని. జరిపే పద్ధతి మాత్రం రెండు వేర్వేరు గురుకులాలదిగా తోచింది.

తెలియనివారి కోసం చిన్న వివరణ. రుసుము కట్టి, ఎవరి కారు వారు తెచ్చుకొని, పందేల కోసం నిర్మించిన బాట మీద నడుపుకొనే రోజును ట్రాక్ డే అంటారు. ఎదురు వచ్చే వాహనం ఉండదు, పాదచారి ఉండడు, నాలుగు రోడ్ల కూడలి ఉండదు. గెలుపూ బహుమతీ కూడా ఉండవు. చుట్టుకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టడం ఈ రెండు దేశాల్లోనూ ఇటువంటి రోజుల్లో సాధారణంగా నిషిద్ధం. లెక్కపెట్టిన మరుక్షణం అది పోటీ అవుతుంది. పోటీకి అనుమతులు వేరు, బీమా వేరు.

అమెరికాలో దీనికి పెట్టిన పేరులోనే బడి ఉంది: 'డ్రైవర్ ఎడ్యుకేషన్'. 1955లో పుట్టిన పోర్షె క్లబ్బు వంటి కార్ల యజమానుల సంఘాలు ఎన్నో వీటిని నడుపుతాయి. ముందుగా కారుకు పరీక్ష. బ్రేకులు, టైర్లు, చక్రాల బోల్టులు సరిచూసి కాగితం మీద సంతకం చేస్తేగాని లోపలికి రానివ్వరు. హెల్మెట్ ఫలానా ప్రమాణానికి తగినదేనా అని లోపలి ముద్ర చూస్తారు. నడిపేవారిని అనుభవాన్ని బట్టి రంగుల పేర్లతో తరగతులుగా విభజిస్తారు. ఒక తరగతి బాట మీద ఉండగా మరొకటి గదిలో కూర్చొని పాఠం వింటుంది. నల్లబల్ల మీద మలుపుల బొమ్మ గీసి, ఎక్కడ బ్రేకు వెయ్యాలో, చూపు ఎక్కడ నిలపాలో చెబుతూ ఉంటే, గణవిభజన చెప్పే రోజులు గుర్తుకొచ్చి నేను వెనక బెంచీలో కదలకుండా కూర్చున్నాను.

అన్నిటికంటె పెద్ద విశేషం, కొత్తవాణ్ణి ఒంటరిగా వదలరు. పక్క సీటులో గురువు కూర్చుంటాడు. హెల్మెట్‌లో అమర్చిన మైకు ద్వారా మలుపు మలుపుకూ చెబుతాడు. ఈయనకు జీతం లేదు. ఆయన కాళ్ళ దగ్గర బ్రేకు కూడా లేదు! ఆ ఉదయమే పరిచయమైన శిష్యుడి చేతిలో తన ప్రాణం పెట్టి, కేవలం వాక్కుతో అతణ్ణి అదుపు చెయ్యాలి. మనకు శల్యసారథ్యమన్న నుడికారం ఉండనే ఉంది. పక్కన కూర్చున్నవాడి మాట కర్ణుడంతటివాణ్ణి కుంగదీసింది, మరొకరి మాట అర్జునుణ్ణి నిలబెట్టింది. ఆ రోజు మా అబ్బాయికి దొరికినవాడు రెండో కోవలోనివాడు. వాడు బాగా నడిపిన చుట్టు తర్వాత పొగడలేదు, తప్పు చేసిన చుట్టు తర్వాత అరవలేదు. "ఇప్పుడేం జరిగిందో నువ్వే చెప్పు" అన్నాడట. ఇది మంచి పంతులు అడిగే ప్రశ్న. ఇక చాలునని గురువుకు తోచిన రోజునే శిష్యుడికి ఒంటరిగా నడిపే అనుమతి.

ముందున్న కారును దాటడంలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు నాకు మరీ నచ్చింది. వెనకవాడు ఎంత వడిగా వచ్చినా, ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి "ఈ పక్కగా వెళ్ళు" అని చూపేదాకా దాటరాదు. అదీ నిర్ణయించిన స్థలాల్లోనే. వెనక మూడు కార్లుంటే మూడుసార్లు చెయ్యి చూపాలి. అద్దంలో వెనకవాణ్ణి చూసి కూడా దారి ఇవ్వకుండా భీష్మించుకున్నవాడికి నల్లజెండా చూపి బయటికి పిలిచి, సంజాయిషీ అడుగుతారు.

ఇంగ్లండు పద్ధతి వేరు. కాజిల్ కూమ్ ఒకప్పటి యుద్ధవిమానాల స్థావరం. 1950లో పందేల బాటగా మారింది. సిల్వర్‌స్టోన్, స్నెటర్‌టన్, త్రక్స్‌టన్ వంటివీ అట్లాగే పుట్టాయి. ఊళ్ళ నడుమ, పొలాల నడుమ ఉన్న చోట్లు కావడంతో అక్కడి నిర్వాహకులకు మొదటి చింత చప్పుడు. పొగగొట్టానికి అర మీటరు దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. హద్దు దాటితే ఎంతటి కారైనా ఇంటికే. అమెరికావారికి పొరుగువారి పట్టింపు లేదనుకోకండి. కనెక్టికట్‌లోని లైమ్ రాక్‌లో 1959 నాటి కోర్టు ఉత్తర్వు పుణ్యమా అని ఆదివారం పందేలు జరగవు. అయినా, ప్రతి కారుకూ ఉదయాన్నే చెవి పరీక్ష అన్నది నేను చూసినంతలో ఇంగ్లండు సంప్రదాయమే.

ఇక శిక్షణ మాట. లైసెన్సు చూపి, బాధ్యత నాదేనని సంతకం చేసి, అరగంట ఉపన్యాసం విని, చేతికి పట్టీ కట్టించుకొని, బాట పరిచయం కోసం రెండు మూడు చుట్లు నిదానంగా తిరిగి వస్తే చాలు. ఆ తర్వాత ఎవరి విచక్షణ వారిది. గురువు కావాలంటే ఇరవై నిమిషాలకింత అని రుసుము కట్టి పిలుచుకోవచ్చు, అక్కరలేదనుకుంటే లేదు. చాలా చోట్ల తరగతుల విభజన కూడా ఉండదు. బుద్ధి పుట్టినప్పుడు లోపలికి, అలసినప్పుడు బయటికి. దాటడం ఒక్క పక్క నుంచే, సాధారణంగా ఎడమ నుంచి. మలుపుల్లో పనికిరాదు. ముందున్నవాడు దారి ఇచ్చేదాకా వెనకవాడు ఓర్చుకోవాలి. ఆ రోజుకు విడిగా బీమా తీసుకోకపోతే, తప్పెవరిదైనా ఎవరి కారు నష్టం వారిదే.

సమ్మిట్ పాయింట్‌లో కొత్తవారి కార్లలో తోడు ఎక్కనివ్వరు కాబట్టి కంచె బయట నిలబడి చూశాను. ఇక్కడ ఎక్కనిచ్చారు. "మావయ్యగారూ, రెండు చుట్లు వస్తారా?" అని అల్లుడు అడిగితే ఏ ధైర్యంతో తలూపానో ఇప్పటికీ తెలియదు. నలుడు రథం తోలుతుండగా ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపడిందనీ, ఆపమనేలోగానే అది ఆమడ వెనకబడిందనీ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! ఆ ఘట్టం నాకు అర్థమైనది మాత్రం ఆ రోజే. అయితే నాకు గుర్తుండిపోయినది వేగం కాదు. మా వెనక ఒక పాత చిన్న కారు వచ్చింది. మాది పెద్దది. మా అల్లుడు దీపం వెలిగించి, కాలు తీసి, పక్కకు తప్పుకున్నాడు. ఆ కారులోని మనిషి చెయ్యి ఊపి వెళ్ళాడు. ఇంతే.

జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ఈ రెండింటికీ దూరం. 1927లో తెరిచిన ఈ బాటలో ఉత్తర భాగం 20.8 కిలోమీటర్లు. ప్రజలకు తెరిచిన వేళల్లో చట్టం దృష్టిలో అది సుంకం చెల్లించి వెళ్ళే ఏకదిశా రహదారి మాత్రమే. దేశంలోని మామూలు రోడ్డు నియమాలే వర్తిస్తాయి. కుడివైపు ఉండాలి, ఎడమ నుంచే దాటాలి. గురువు లేడు, ఉపన్యాసం లేదు. తప్పు చేసినవాడికి పాఠం చెప్పేది బిల్లు. విరిగిన కంచెకూ, కారును లాగుకెళ్ళిన బండికీ లెక్క కట్టి చేతిలో పెడతారు. జపానులో ఇంకొక తీరు. అక్కడి బాటలు తామే పాఠం చెప్పి సభ్యత్వ లైసెన్సులిస్తాయి. గడియారం నిషేధం కాదు సరికదా, అదే ఆకర్షణ. ఎవరి నిన్నటి సమయంతో వారే పోటీ.

అమెరికా గురువును నమ్ముకుంది, ఇంగ్లండు పెద్దమనిషి తరహాను, జర్మనీ చట్టాన్ని, జపాను గడియారాన్ని. ఏది మేలు? మా అల్లుడి వాదం ఇది: "పెద్దవాళ్ళను పెద్దవాళ్ళుగా చూడాలి. ఎల్లకాలం పక్కన ఒకరు కూర్చుంటే సొంత తీర్పు ఎప్పుడు వస్తుంది?" ఇందులో సగం నిజముంది. పైగా స్వచ్ఛందంగా వచ్చే గురువులందరికీ బోధించడం చేతనవునన్న హామీ లేదు. బాగా నడపడం వేరు, నడపడం నేర్పడం వేరు.

అయినా నా ఓటు, కొత్తవారి విషయంలో, అమెరికా పద్ధతికే. కారణం నా ఉద్యోగంలోనే ఉంది. పరీక్షల ముందు ప్రత్యేక తరగతి పెట్టి 'ఇష్టమైనవారు రావచ్చు' అంటే వచ్చేది ఎప్పుడూ మొదటి వరుస పిల్లలే. ఎవరికి అవసరమో వాడు గోడ దూకుతాడు. తనకు ఏది తెలియదో తెలియకపోవడమే కొత్తవాడి లక్షణం. గురువు కావాలో వద్దో వాణ్ణే తేల్చుకోమనడం మర్యాదే కావచ్చు, బోధన మాత్రం కాదు. ఇంగ్లండు నుంచి మాత్రం ఆ చప్పుడు పరీక్ష తెచ్చుకోవాలి. కంచె అవతల నిద్రపోతున్నవాడు కూడా మన లెక్కలో ఉండాలని అది చెబుతుంది.

వేగం నేర్పితే వేగం మప్పినట్టు కాదా అని మీరు అడగవచ్చు. ఆ భయం నాకూ పోలేదు. ఆ బాటల మీదా ప్రమాదాలు జరుగుతాయి, ప్రాణాలూ పోతాయి. కాని అక్కడ పాలు తెచ్చుకోవడానికి బయలుదేరిన ముసలాయన అడ్డం రాడు.

మనకూ బాటలు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచీ ఉంది, కోయంబత్తూరులో ఉంది, ఢిల్లీ దగ్గర 2011లో కట్టారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగినప్పుడు మన కుర్రకారు ఎగబడి చూశారు. చూసి ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది మళ్ళీ ఆ రహదారే. ఇంకొక బాట కట్టినా కట్టకపోయినా, వాళ్ళ పక్క సీటులో కూర్చొని చెప్పేవాడు ఎవరన్నది నా ప్రశ్న.

ఆ తల్లి అడిగిన మాటకు ఇప్పుడైతే ఒక జవాబు ఉంది నా దగ్గర. వెనకవాడు వడిగా వస్తే తప్పుకొని చెయ్యి ఊపమని, అది ఓడిపోవడం కాదని, తరగతిలో ఒక్క పూట చెప్పి ఉండవలసింది. దానికి కారు నడపడం రానక్కరలేదు.

విదేశాల్లో ఉన్న మిత్రులలో ఈ బాటల మీద నడిపినవారుంటే మీ అనుభవాలు వ్యాఖ్యలలో వ్రాయండి. నేను పొరబడినచోట దిద్దండి. ఎర్రసిరా నాకు కొత్త కాదు.