పిట్టను కాదు, గోనెసంచిని కొడదాం

ఈ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు మంచి మాటలు రాస్తారు. ఉదయగిరి, ఆత్మకూరు హాస్టళ్లలో చదువుకున్న మేము మాత్రం పంగలకర్ర గురించి రాయాలనుకున్నాం. నవ్వకండి. ట్రంకుపెట్టె అడుగున, దుప్పటి మడతలో పంగలకర్ర దాచుకోనివాడు మాలో ఎవడున్నాడు?

చింతకొమ్మ పంగ, సైకిల్ షాపువాళ్లు పారేసిన ట్యూబు ముక్క, తెగిన చెప్పులోని తోలు. పైసా ఖర్చు లేకుండా చేతికొచ్చిన మొదటి ఆటవస్తువు మాకు అదే. హాస్టల్‌కు ఒక వాలీబాల్ ఉంటే అది పెద్దవాళ్లది. క్రికెట్ బ్యాటు ఉంటే అది ఎవడిదో ఒకడిది. పంగలకర్ర మాత్రం ఎవరిది వాళ్లదే.

చిక్కల్లా ఎక్కడంటే, చేతిలో పంగలకర్ర ఉంది గానీ కొట్టడానికి గురి లేదు. గురి లేనివాడి కళ్లు చెట్టు మీదికే పోతాయి. వేపచెట్టు మీద గోరింక, కంచె మీద తొండ, పొలంగట్టున కౌజుపిట్ట, ఇవే మాకు గురులు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళ మాలో ఒకడు కొట్టిన గోరింక సరిగ్గా మేము పళ్లేలు కడుక్కునే తొట్టి దగ్గర పడింది. వెంటనే చావలేదు. రెక్క కొట్టుకుంటూ మా వైపే చూసింది. కొట్టినవాడు కూడా దాని దగ్గరికి పోలేకపోయాడు. కామాటిగా పనిచేసే అక్క వచ్చి దాన్ని కొంగులోకి తీసుకుని, "ఇదేం పాపం చేసిందిరా మీకు? అంత చేతి దురదగా ఉంటే ఆ డబ్బాను కొట్టండి" అంది. ఖాళీ పామాయిల్ డబ్బా ఒకటి తెచ్చి గోడ మీద పెట్టింది. మా మొదటి గురి అదే.

డబ్బా మోత మాకు భలే నచ్చింది. కానీ వారం తిరక్కుండానే రాయి డబ్బాకు తగిలి ఎదురొచ్చి, పక్కన నిలబడి చూస్తున్న ఆరో తరగతి పిల్లవాడి కనుబొమ్మ చిట్లింది. రెండు కుట్లు పడ్డాయి. అర అంగుళం కిందికి వచ్చి ఉంటే కన్ను పోయేది. ఆ సాయంత్రమే పెట్టెలన్నీ వెతికించారు. దొరికిన పంగలకర్రలన్నీ పొయ్యిలోకి పోయాయి. పెద్దల కోపంలో న్యాయం ఉంది, మేము కాదనం. కానీ పంగలకర్రలు కాలాయి గానీ మా చేతుల్లోని గురి కాలలేదు. పది రోజుల్లో కొత్త పంగలు తయారయ్యాయి. మళ్లీ పిట్టల మీదికే పోయాం, ఈసారి దొంగచాటుగా.

అప్పుడు మాకు అర్థమైంది ఒకటే. పిల్లవాడికి గురి ఆట ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఉండనే ఉంటుంది. మంచి గురి మనం చేసి ఇస్తామా, లేక వాడినే వెతుక్కోమంటామా అన్నదే ప్రశ్న.

మంచి గురి చేయడం పెద్ద విద్యేమీ కాదు. దెబ్బ తిన్న వస్తువు రాయిని తిరిగి పంపకుండా మింగాలి, అంతే. డబ్బా, బండ, సిమెంటు గోడ మింగవు, తిప్పికొడతాయి. సీసా అయితే పగిలి పదిమంది కాళ్లలో దిగుతుంది. గోనెసంచి మింగుతుంది. ఖాళీ బియ్యం సంచిలో వేరుశనగ పొట్టో వరిగడ్డో కూరి, మూతి కుట్టి, మట్టికట్టకు ఆనించి నిలబెడితే చాలు. దాని మీద పాత నోటుబుక్కు అట్ట. అట్ట మీద జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినితో ఒకే కేంద్రం నుంచి అయిదు వృత్తాలు. లెక్కల పీరియడ్‌లో అర్థం కాని వ్యాసార్ధం ఆ అట్ట మీద మాకు అర్థమైంది. ఉదయగిరి చెక్క చెంచాలు చేసేవాళ్లు పక్కన పడేసిన నర్ది చెక్క ముక్కను దారం కట్టి వేలాడదీస్తే అది ఇంకో రకం గురి. దెబ్బ తగలగానే వెనక్కి ఊగుతుంది కాబట్టి వేగం అక్కడే చచ్చిపోతుంది. ఇక రాళ్లు మానేసి చెరువు బంకమట్టితో గోలీలంత ఉండలు చేసి ఎండబెట్టాం. అవి తగిలిన చోటే పగిలిపోతాయి.

ఆ తర్వాత నియమాలు మేమే రాసుకున్నాం. గురి వెనక దారి ఉండకూడదు, మట్టికట్టే ఉండాలి. కొట్టేవాడి ముందు ఎవరూ నిలబడకూడదు. అందరి ఉండలూ అయిపోయాకే అట్ట దగ్గరికి పోవాలి. మనిషి వైపు, పిట్ట వైపు సాగదీసినవాడికి నెలరోజులు ఆట లేదు. పది ఉండలకు ఎన్ని తగిలాయో నోటుబుక్కులో రాసేవాళ్లం. మొదట్లో రెండు తగిలినవాడికి నెల తిరిగేసరికి ఆరు తగిలాయి. గోరింకను కొట్టినవాడే మాలో అందరికంటే మంచి గురిగాడయ్యాడు. ఆ తర్వాత వాడు చెట్టు మీదికి చూడలేదు.

ఇక్కడ భారతంలోని ఒక సంగతి చెప్పాలి. ద్రోణుడు శిష్యుల గురిని పరీక్షించినప్పుడు చెట్టు మీద పెట్టించింది ప్రాణమున్న పిట్టను కాదు. శిల్పులతో చేయించిన బొమ్మ పిట్టను. అర్జునుడికి కనిపించిన తల ఆ బొమ్మది. ద్రౌపది స్వయంవరంలో కొట్టిన మత్స్యమూ యంత్రమే. అంటే రాకుమారుల కోసం గురిని శ్రద్ధగా తయారు చేయించి పెట్టారు. అడవిలోని ఏకలవ్యుడికి ఎవరు ఏం చేసి పెట్టారు? గురువు బొమ్మను కూడా తన చేతులతో తానే మట్టితో చేసుకున్నాడు. చివరికి బొటనవేలు ఇచ్చుకున్నాడు. మన దేశంలో ఆటగాళ్లకు 1961 నుంచి అర్జునుడి పేరుతో, శిక్షకులకు 1985 నుంచి ద్రోణాచార్యుడి పేరుతో జాతీయ అవార్డులు ఉన్నాయి. మాకు వాటితో పేచీ లేదు. ఏకలవ్యుడికి అవార్డు కూడా అడగడం లేదు. ఒక బొమ్మ పిట్టను ఇవ్వండి చాలు అంటున్నాం.

ఇస్తే ఏమవుతుందో చూసినవాళ్లం మనం. రాజస్థాన్‌లోని గిరిజన కుటుంబంలో పుట్టిన లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టలను వేటాడినవాడే. 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ అతన్ని ఎంపిక చేసి సరైన గురి ముందు నిలబెట్టింది. అతను మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. జార్ఖండ్‌లో ఆటో డ్రైవర్ కూతురు దీపికా కుమారి చిన్నప్పుడు గురి పెట్టింది చెట్టు మీది మామిడికాయకు, రాయితో. ఆ అమ్మాయే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అట్ట మధ్యనుండే చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ కంటే చిన్నది!

ఆ పెద్ద పోటీల విల్లులు, తుపాకులు లక్ష దాటతాయి, మనవల్ల కాదు అని కొందరు అంటారు. నిజమే. కానీ పాఠశాలల క్రీడల్లో మామూలు వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. అక్కడికి పోయే దారి మాత్రం గోనెసంచి దగ్గర మొదలవుతుంది. ఆట వల్ల చదువు పాడవుతుంది అని మరికొందరు అంటారు. ఊపిరి బిగబట్టి ఒక్క చుక్కనే చూడడం నేర్చుకున్న పిల్లవాడు స్టడీ అవర్‌లో పుస్తకాన్ని కూడా అలాగే చూస్తాడని మా అనుభవం. మాలో అందరూ గొప్పవాళ్లు కాలేదు, పతకాలూ తేలేదు. కానీ ఎవరి కన్నూ పోలేదు, మరో పిట్టా తొట్టి దగ్గర పడలేదు. కౌజును, చిలుకను కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తమ్ముళ్లకు ముందే తెలియాలి.

అందుకే మా విన్నపం. బాలుర హాస్టలైనా, బాలికల హాస్టలైనా ప్రతిచోటా ఒక మూల మట్టికట్ట వేసి గురిస్థలం ఏర్పాటు చేయండి. ఆదివారం సాయంత్రం ఒక గంట, ఒక పెద్ద మనిషి కావలి. వార్డెన్ గారూ, పెట్టెలో పంగలకర్ర దొరికితే పొయ్యిలో వేయకండి, ఆ పిల్లవాణ్ణి గురిస్థలానికి పంపండి. పాత విద్యార్థులారా, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పూలదండలకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి రెండు వెదురు విల్లులు కొనివ్వండి. సంచి, పొట్టు, అట్ట మేము తెస్తాం. కుట్టడం తమ్ముళ్లకు మేమే నేర్పుతాం.

తమ్ముళ్లారా, మీ చేతిలో గురి ఉంది. దాన్ని పిట్ట ప్రాణం మీద ఖర్చు చేయకండి.