ఆ ప్రశ్న నేనెందుకు అడగలేదు?

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుని, పాలు తోడేసి అప్పుడే కూర్చున్నాను. మా ఆడపడుచు ఫోను చేసింది. పిల్లలూ, ఆరోగ్యాలూ, కుశల ప్రశ్నలూ అన్నీ అయ్యాక కాస్త ఆగి, "వదినా, ఉద్యోగం మానేసి సినిమా తీద్దామనుకుంటున్నా" అంది.

నేను నవ్వేశాను. నిజం చెప్పొద్దూ, నేను చేసిన మొదటి తప్పు అదే.

తనకి 46 ఏళ్ళు. పలాస దగ్గర గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచరు. 22 ఏళ్ళ సర్వీసు. కొడుకు ఇంజినీరింగు మూడో సంవత్సరం. మంచానపడ్డ అత్తగారు. ఇవన్నీ నా కళ్ళముందు గిర్రున తిరిగాయి. "పిల్లాడి ఫీజులెలా? ఇంటి లోను తీరిందా? అన్నయ్యగారు ఏమన్నారు? ఈ వయసులో సినిమావాళ్ళ మధ్యకెళ్ళి ఏం చేస్తావమ్మా?" అంటూ ఊపిరాడకుండా అడిగేశాను.

అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత, "సరేలే వదినా, పడుకో" అంది.

ఆ 'సరేలే' ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో వీణ మళ్ళీ మొదలుపెడతానని మా ఇంట్లో అడిగి, జవాబు విని నేనూ అన్నాను, సరేలే అని. ఆ వీణ ఆ తర్వాత అటక దిగలేదు. అలాంటి నేనే ఇంకో ఆడదాని చేత ఆ మాట అనిపించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఒకటి తట్టింది. నేను అన్ని ప్రశ్నలు వేశాను. ఒక్కటీ సినిమా గురించి కాదు!

నలభై అయిదేళ్ళ మగవాడు ఉద్యోగం వదిలి కెమెరా పట్టుకుంటే 'అభిరుచి ఉన్న మనిషి' అంటాం. ఆడది ఆ మాటంటే ముందు బీపీ చూపించుకోమంటాం. 'ఈ వయసులో' అనే మాటలో మన ఉద్దేశం ఒకటే: ఆమె ఖాళీ చేతులతో, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ వెనక వరసలో నించుంటోందని. అదెంత పొరపాటో చెప్పడానికి నాకు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ గుర్తొచ్చింది.

అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో ఉంది ఆ ఊరు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల గ్రామాల్లో ఆడవాళ్ళ సంఘాలు పెట్టింది. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. కూలికి పోయేవాళ్ళు, జొన్నలూ పప్పుదినుసులూ పండించుకునేవాళ్ళు. బడి మొహం చూడనివాళ్ళే ఎక్కువ. 1990ల చివర్లో వాళ్ళలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ (ఆయన 2023లో చనిపోయారు) అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. అంటే, ఆయనా దారి మార్చుకున్న మనిషే!

ఆ ఆడవాళ్ళకి ఇంగ్లీషు పేర్లు పట్టుబడలేదు. పట్టుబడాల్సిన అవసరమూ రాలేదు. షాట్లకి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది 'పటేల్ షాట్'. గుర్రం మీదో అరుగు మీదో ఉన్న దొర కింద ఉన్నవాళ్ళని చూసే చూపు. కిందనుంచి పైకి చూస్తే అది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే 'సంఘం షాట్'. సంఘంలో ఎక్కువ తక్కువలు లేవు కదా మరి! తమ సినిమాలకి వాళ్ళు కోరుకున్నది ఆ మూడోదే.

ఆలోచించండి. ఫిల్ము స్కూల్లో యాంగిల్ అంటే ఏమిటో పాఠం చెబుతారు. ఈ తల్లులకి అది బతుకే నేర్పింది. ఏళ్ళ తరబడి కింద కూర్చుని పైకి చూసినవాళ్ళకే ఆ తేడా అంత కచ్చితంగా తెలుస్తుంది. ఆ బతుకు తెలియనివాళ్ళకి కెమెరా ఇచ్చి ఉంటే ఆ పేర్లు పుట్టేవో లేదో!

పేర్లతోనే ఆగిపోలేదు. 2001లో వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల్ని ఒక్క పంటకాలం కాదు, మూడేళ్ళు వెంబడించి చిత్రించారు. విత్తనం వేసినప్పుడు ఉన్న ఆశా, పంట చేతికొచ్చాక ఉన్న లెక్కా రెండూ కెమెరాకి చెప్పించారు. పొలం పని తెలిసినవాళ్ళు గనక ఏ నెలలో ఏ ప్రశ్న అడగాలో వాళ్ళకి తెలుసు. ఇంకో సంగతి, కెమెరా పట్టినా పొలం వదల్లేదు.

మధ్య వయసు మనకిచ్చిన ఆస్తి ఇదేననిపిస్తుంది నాకు. ఏం చూడాలో, ఎక్కణ్ణుంచి చూడాలో తెలియడం. మిగతావి, అంటే కెమెరా, ఎడిటింగు, మైకు, నేర్చుకునే విద్యలే.

సినిమాతో సంబంధం లేని వృత్తి నుంచి వచ్చినవాళ్ళు మన తెలుగులోనూ ఉన్నారు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) మీలో చాలామంది చూసే ఉంటారు. విశాఖపట్నం కంచరపాలెం మనుషులే వేషాలు వేసిన ఆ సినిమాలో ప్రధాన జంట నలభై దాటినవాళ్ళు. వెంకటేష్ మహా దర్శకత్వం వహించిన ఆ సినిమాకి డబ్బు పెట్టిన ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టరు. అందులో సలీమా వేషం వేసిందీ ఆమే. 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు' సినిమాతో తనే దర్శకురాలయ్యారు. అస్సాంలో రీమా దాస్ నటి కావాలని ముంబయి వెళ్ళి, అది కుదరక, ఏ ఫిల్ము స్కూలుకీ పోకుండా సొంతంగా కెమెరా నేర్చుకున్నారు. తమ ఊళ్ళోనే, ఊరి పిల్లలతో 'విలేజ్ రాక్‌స్టార్స్' తీశారు. రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగు అన్నీ తనే. ఆ సినిమాకి 2018లో జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది.

వీళ్ళని చూసి రేపే రాజీనామా ఇచ్చెయ్యమంటున్నానా? అమ్మో, లేదు! నా ప్రశ్నల్లో భయం ఎక్కువైంది గానీ, అవి వట్టి ప్రశ్నలు కావు.

డబ్బు సంగతి ముందు. సొంతంగా తీసే సినిమాల్లో పెట్టింది తిరిగి రానివే ఎక్కువ. కనక పిల్లల చదువుకీ, ఆస్పత్రికీ దాచినది తాకకూడదు. ఒంటిమీది బంగారం తాకట్టు పెట్టకూడదు. తిరిగి రాకపోయినా ఇల్లు కదలదు అనుకున్నంతే పెట్టాలి. ఉద్యోగం ఉండగానే సెలవుల్లో పది నిమిషాల చిన్న చిత్రం ఒకటి తీసి చూసుకోవాలి. ఎండలో, దుమ్ములో, అడిగినవాళ్ళు టైముకి రాని రోజున కూడా ఆ పని మీద ఇష్టం మిగిలి ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ప్రభుత్వోద్యోగులైతే శాఖ అనుమతి గురించి ముందే కనుక్కోవాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2017 నుంచి వేర్వేరు ఊళ్ళలో చిన్న చిన్న కోర్సులు పెడుతూ వచ్చింది, అలాంటివి వెతుక్కోవచ్చు. భాగస్వాములుంటే, వాళ్ళు అన్నదమ్ములైనా సరే, కాగితం రాసుకోవాలి. థియేటర్లో వెయ్యాలంటే సెన్సారు సర్టిఫికెట్టు కావాలి.

ఇక సినిమావాళ్ళ మధ్యకి ఆడది వెళ్ళడమా అన్న భయం. దానికీ కారణం ఉంది. కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. అందులో వేధింపుల కథలతోపాటు ఇంకో మాట ఉంది: షూటింగు చోట ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కూడా ఉండదని. అదీ పరిస్థితి. అయితే సొంత సినిమాలో ఉన్న సుఖం ఒకటుంది. అందులో మొదటి రూలు మనమే రాసుకోవచ్చు. మరుగుదొడ్డి ఉన్న చోటే షూటింగు, చీకటి పడేలోగా అందరూ ఇంటికి. పస్తాపూర్ ఆడవాళ్ళు గుంపుగా పనిచేశారన్నది మరిచిపోవద్దు.

మూడోనాడు నేనే ఫోను చేశాను. నవ్వినందుకు ముందు చెంపలేసుకున్నాను. తర్వాత, అడగాల్సింది అడిగాను. "ఏం సినిమా తీస్తావమ్మా?"

అప్పుడు విన్నాను. తన క్లాసు పిల్లల తల్లులు చాలామంది పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళతారు. పిక్క పెంకులోంచి వచ్చే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ళు నల్లగా మాడిపోయి ఉంటాయి. ఓసారి బళ్ళో రిజిస్టరులో వేలిముద్ర వేయమంటే ఒకావిడ చెయ్యి కొంగులో దాచుకుందట. "నాకు ముద్ర పడదు మేడం, రేషను మిషనుకీ పడదు" అందిట. "22 ఏళ్ళుగా ఆ చేతులు చూస్తున్నా వదినా. తెల్లటి జీడిపప్పు మనింటికొస్తుంది. ఆ చేతులు ఎవరు చూస్తారు?" అంది మా ఆడపడుచు.

నాకు మాట రాలేదు. ఆ రోజు మా ఇంట్లో పాయసంలోకి వేయించిన జీడిపప్పు నేతిలో ఇంకా వేడిగానే ఉంది.

ఆ తర్వాత తను రాజీనామా ఇవ్వలేదు. అనుమతికి కాగితం పెట్టుకుని, అది వచ్చాక వేసవి సెలవుల్లో ఫోనుతోనే మొదలుపెట్టింది. ఆ తల్లుల ఒప్పుకోలు తీసుకుని, తీసినదాన్ని ముందు వాళ్ళకే చూపించాలని నియమం పెట్టుకుంది. మొదటి నాలుగు రోజులు తీసినదంతా పనికిరాలేదట. టీచరమ్మ అలవాటు, నించునే తీసింది! వాళ్ళు కింద కూర్చుని పనిచేస్తుంటే, చిత్రంలో వాళ్ళ పాపిళ్ళే కనబడ్డాయి. అయిదో రోజున ఓ పెద్దావిడ, "మీరూ కూకోండమ్మా" అని గోనెసంచి జరిపిందట. అప్పుడు పస్తాపూర్ కథ చెప్పాను తనకి. గట్టిగా నవ్వింది. "అయితే నాలుగు రోజులూ పటేల్‌గిరీ చేశానన్నమాట!" అంది.

ఆ సినిమా ఇంకా పూర్తవలేదు. మిషన్ల చప్పుడులో మాటలు వినబడక మళ్ళీ తీయాల్సి వస్తోంది. పూర్తయినా ఎవరు చూస్తారో, ఎక్కడ వేస్తారో తెలియదు. ఉద్యోగం మానాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకుంటానంటోంది. నేను తొందరపెట్టడం లేదు. వద్దనీ అనడం లేదు.

మీ ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి గిన్నెలు సర్దేశాక ఎవరో ఒకరు ఇలాంటి మాట అనవచ్చు. చెల్లెలో, తోడికోడలో, అమ్మో. ఫీజుల లెక్కలు అడగండి, తప్పులేదు. కానీ ముందు నేను మరిచిపోయిన ప్రశ్న అడగండి. ఆమె ఏం చూసిందో చెప్పనివ్వండి. చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి.

ఆ మాట అనేది మీరే అయితే, 'సరేలే' అని ఫోను పెట్టెయ్యకండి.