దరువు ఎవరిది? కూలి ఎవరికి?

మార్కాపురం చుట్టుపక్కల చావుకైనా జాతరకైనా మాదిగపల్లెకే కబురొస్తుంది. అదే దరువు సినిమాకెక్కితే డప్పు కొట్టినోడి పేరుండదు. అడిగితే ‘అది జానపదం, ఎవరి సొత్తూ కాదు’ అంటారు. ఎవరి సొత్తూ కానిది వాళ్ల సొత్తెట్లా అయింది?

తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన దరువుకూ తెచ్చుకుందాం అంటున్నారు కొందరు. నేనొప్పుకోను. ఆ 1999 చట్టం వస్తువుకేగానీ వాయించే దరువుకు కాదు. పైగా దరువుకు తాళమేస్తే, రేపు మన పిల్లోడు దాన్ని మార్చి కొత్తది కట్టాలన్నా ఎవరినో అడగాల. తాతల దరువుకు తండ్రులు తలా ఒక దెబ్బ కలపబట్టే అది ఇంతదయింది.

దరువు అందరిదీ కానీయండి. కొట్టిన చేతికి మాత్రం హక్కుంది. కాపీరైటు చట్టంలో 1994లో ప్రదర్శకుల హక్కు చేర్చారు. గాయకుడు, వాయిద్యకారుడు, ఆఖరికి పాములాడించేవాడూ ఆ లెక్కలో ఉన్నారు (డప్పు అన్న మాట రాయలేదు, రాయరుగా!). అనుమతి లేకుండా రికార్డు చేయగూడదు. 2012 సవరణ ప్రకారం దాంతో వ్యాపారం చేస్తే రాయల్టీ ఇవ్వాలి.

అన్నలారా, ఫోనో మైకో పట్టుకుని ఎవరొచ్చినా దెబ్బ పడకముందే కాగితం రాయించండి. కొట్టేవాళ్ల పేర్లు, కూలి, అమ్ముకుంటే వాటా. వేలిముద్ర వేసే పెద్దలకు చదివి వినిపించే పని మాలాంటి పంతుళ్లది.