గుండె పంపుకు ఒంటి కదలిక తెలియకూడదా?

నీరసించిన ఎడమ జఠరిక నుంచి రక్తాన్ని తీసుకుని బృహద్ధమనిలోకి నెట్టే ఎల్‌వ్యాడ్ అనే గుండె పంపుకు కదలికను పసిగట్టే సెన్సార్‌ను జోడించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా, చెడిపోయే భాగం మరొకటి పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదన్న సమాధానమే ఎదురవుతోంది. జాగ్రత్తగా కనిపించే ఈ సమాధానం నిజానికి జడత్వమే. ఎందుకంటే ఒంటి కదలికను గుర్తించి తమ వేగాన్ని మార్చుకునే పేస్‌మేకర్లు 1980ల మధ్య నుంచే రోగుల ఛాతీలలో పనిచేస్తున్నాయి.

అలాంటి తొలి పేస్‌మేకర్లలో ఒకటైన యాక్టివిట్రాక్స్‌ను తెచ్చిన మెడ్‌ట్రానిక్ సంస్థే తరువాతి కాలంలో హార్ట్‌వేర్ గుండె పంపును అమ్మి, 2021 జూన్‌లో ఆ అమ్మకాన్ని ఆపేసింది. ఆ తరువాత అమెరికాలో పెద్దలకు దీర్ఘకాలం అమర్చే పంపుగా ప్రధానంగా మిగిలిన హార్ట్‌మేట్ 3 తయారీదారు అబాట్ కూడా, త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ ఉన్న పేస్‌మేకర్లను అమ్ముతూనే ఉంది. అంటే సాంకేతికత చేతిలో లేక ఆగిన పని కాదిది.

పంపు వేగాన్ని నిర్ణయించే తీరు చూస్తే లోపం బయటపడుతుంది. రోగిని పడుకోబెట్టి, ఎకో పరికరంతో జఠరిక పరిమాణాన్ని చూస్తూ, వేగాన్ని మెట్టుమెట్టుగా పెంచి, సాధారణంగా నిమిషానికి 5,000 నుంచి 6,000 భ్రమణాల మధ్య ఒక అంకెను వైద్యుడు ఖరారు చేస్తాడు. ఆ రోగి ఇంటికి వెళ్లి మేడమెట్లు ఎక్కినా, నిద్రపోయినా పంపుకు అదే అంకె. పీడనాల తేడా మారినప్పుడు ప్రవాహం కొంత పెరిగినా, ఆరోగ్యవంతమైన గుండె శ్రమకు స్పందించే స్థాయికి అది చేరదు. వేగం మారడమే ప్రమాదమన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే కృత్రిమ నాడి కోసం, లోపల రక్తం నిలిచిపోకుండా ఉండటం కోసం హార్ట్‌మేట్ 3 ప్రతి 2 సెకన్లకోసారి ఆ అంకెకు అటూ ఇటూ తన వేగాన్ని తానే మార్చుకుంటుంది.

నియంత్రణను పక్కన పెట్టి పర్యవేక్షణనే తీసుకున్నా కథ ఇంతే. హార్ట్‌మేట్ 3కి ముందు తరం పంపైన హార్ట్‌మేట్ 2 అమర్చిన మూడు నెలలలోపు పంపులో రక్తం గడ్డకట్టే ఘటనలు 2.2 శాతం నుంచి 8.4 శాతానికి పెరిగాయని, మూడు ఆసుపత్రుల సమాచారాన్ని కలిపి చూసిన తరువాత, 2014లో గానీ వైద్యలోకానికి స్పష్టం కాలేదు. గడ్డ చేరినప్పుడు తిరిగే భాగం కంపనం మారుతుంది. పంపుకు యాక్సిలరోమీటర్‌ను అతికించి ఆ మార్పును పట్టుకోవచ్చని ఓస్లో పరిశోధకులు పందులపై ప్రయోగాలలో చూపారు. నేటి పంపు చూపే ప్రవాహం మాత్రం నేరుగా కొలిచినది కాదు, విద్యుత్ వినియోగం నుంచీ వేగం నుంచీ కట్టిన అంచనా.

అభ్యంతరాలు లేకపోలేదు. కదలిక సెన్సార్ గతుకుల రోడ్డుపై ప్రయాణాన్ని నడకగా పొరబడవచ్చు. అవసరానికి మించి వేగం పెరిగితే జఠరిక గోడ పంపు నోటికి అతుక్కుపోయే సక్షన్ ఏర్పడవచ్చు. అయితే మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ స్పందించిన తొలి పేస్‌మేకర్లను ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు. శ్వాసను కొలిచే సెన్సార్‌ను జతచేసి, వైద్యుడు గీసిన కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య వాటిని దారికి తెచ్చారు.

అదే దారి పంపుకూ ఉంది: ముందు కంపనాలను నమోదు చేసి వైద్యునికి చేరవేయడం, ఆ సమాచారం నమ్మదగినదని తేలాక ఇరుకైన హద్దులలో వేగాన్ని మార్చనివ్వడం. నాలుగు దశాబ్దాలుగా పేస్‌మేకర్‌లో పనిచేస్తున్న సెన్సార్ పంపు దగ్గరకు వచ్చేసరికి సాహసంగా ఎలా మారిందో తయారీదారులు చెప్పాలి. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతినిచ్చే నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ జవాబును అడిగి తీరాలి. పోటీ దాదాపు లేని మార్కెట్‌లో ఒకే వేగంతో తిరిగే పంపును భద్రత పేరిట సమర్థించడం రోగికి కాదు, తయారీదారుకే సౌకర్యం.