వీసా మీద తేదీ వేరు, ఉండనిచ్చే తేదీ వేరు

ఈ వారం అమెరికా వీసాల మీద వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. పాస్‌పోర్ట్‌లో అంటించిన వీసా ఆ దేశం గుమ్మం దాకా వెళ్లడానికి పనికొచ్చే కాగితం. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లు, ఏ పని మీద ఉండొచ్చో చెప్పేది స్టేటస్. రెండూ ఒకటే అనుకుని కొందరు ఊరికే భయపడుతున్నారు. మరికొందరు భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. అయిదేళ్ల ఎఫ్-1 వీసా వచ్చే నెలతో అయిపోతుంది. చదువింకా ఏడాది ఉంది. వచ్చేయాలా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అక్కర్లేదండీ. ఐ-20 గడువు ఉండి, చదువు నియమప్రకారం సాగుతుంటే వీసా తేదీ దాటినంత మాత్రాన స్టేటస్ పోదు. విద్యార్థుల ఐ-94 మీద తేదీకి బదులు 'డి/ఎస్' అని ఉంటుంది. స్టేటస్ నిలిచినన్నాళ్లూ ఉండొచ్చని దానర్థం. ఈ పద్ధతి తీసేసి గరిష్ఠంగా నాలుగేళ్లకు తేదీ వెయ్యాలని 2025 ఆగస్టులో ప్రతిపాదన పెట్టారు. కాబట్టి తన ఐ-94లో ఏముందో ఒకసారి తీసి చూసుకోమనండి. అసలు జాగ్రత్త ప్రయాణం దగ్గర. ఇంట్లో పెళ్లికని ఇండియా వస్తే, కొత్త వీసా స్టాంపింగ్ అయితేగానీ తిరిగి వెళ్లలేదు. ఇంటర్వ్యూ లేని డ్రాప్‌బాక్స్ సౌకర్యం 2025 సెప్టెంబర్ నుంచి విద్యార్థులకు దాదాపు పోయింది. స్లాట్ దొరికాకే టికెట్ కొనండి.

ప్రశ్న: లోన్ వడ్డీ కట్టడానికి నాన్న బయట అప్పు చేస్తున్నారు. నాకు క్యాంపస్‌లో పని దొరకలేదు. గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ ఇస్తారు, ఎవరికీ తెలీదు అంటున్నారు రూమ్మేట్స్. చేయొచ్చా? – ఒక విద్యార్థి, న్యూజెర్సీ

జవాబు: వద్దు బాబూ. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చు. బయట అనుమతి లేకుండా ఒక్క రోజు చేసినా స్టేటస్ తప్పినట్టే. డబ్బులు చేతికిచ్చినంత మాత్రాన అది పని కాకుండా పోదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. వేరే కారణంతో స్టేటస్ పోతే తిరిగి ఇమ్మని అడిగే 'రీఇన్‌స్టేట్‌మెంట్' దారి ఒకటుంది. అనుమతి లేని పని చేస్తే అదీ మూసుకుపోతుంది. నీ చదువు ఒక పూర్తి అకడమిక్ ఇయర్ అయ్యి, అనుకోని ఆర్థిక ఇబ్బంది వచ్చిందని చూపించగలిగితే, డీఎస్‌ఓ సిఫార్సుతో బయట పనికి అనుమతి అడగొచ్చు. అనుమతి కార్డు చేతికొచ్చాకే పనిలో చేరాలి. ఇంటి నుంచి అప్పు కాగితాలు తెప్పించుకుని ముందు ఆ ఆఫీసుకి వెళ్లు.

ప్రశ్న: ఓపీటీ మొదలై 70 రోజులైంది, ఉద్యోగం రాలేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 'మా దగ్గర పనిచేస్తున్నట్టు చూపిస్తాం, పని చెయ్యక్కర్లేదు' అంటున్నారు. – ఒక విద్యార్థిని, షికాగో

జవాబు: మొదటి 12 నెలల ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఈఏడీ కార్డు మీది ప్రారంభ తేదీ నుంచే లెక్క, శని, ఆదివారాలూ కలుస్తాయి. అంటే మీకు మిగిలింది 20 రోజులు. స్టెమ్ పొడిగింపు వస్తే మరో 60 కలిసి 150 అవుతాయి. లేని ఉద్యోగం చూపిస్తే లెక్క ఆగదు సరికదా, ఆ అబద్ధం ఫైల్లో ఉండిపోతుంది. రేపు హెచ్-1బి దగ్గరో, గ్రీన్ కార్డు దగ్గరో బయటికొస్తుంది. 'అందరూ చేస్తున్నారు' అన్న మాటకు విలువెంతో 2019లోనే చూశాం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది ప్రభుత్వమే పన్నిన వల అని తేలినప్పుడు, చిక్కుకున్నవాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలే. మీకో సరైన వెసులుబాటు ఉంది. మీ సబ్జెక్టుకు సంబంధించిన పనిలో, చట్టం ఒప్పుకునే చోట, వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా వాలంటీర్‌గా చేసినా మొదటి ఏడాది ఓపీటీలో చెల్లుతుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం కుదరదు. చేరిన 10 రోజుల్లో పోర్టల్లో నమోదు చేసి, సంస్థ ఇచ్చిన లెటర్ దాచుకోండి.

ప్రశ్న: హెచ్-1బిలో ఉన్న మావారిని ఉద్యోగం నుంచి తీసేశారు. మూడు నెలల జీతం సెవరెన్స్‌గా ఇచ్చారు. అంటే మూడు నెలలు టైముందా? బాబు స్కూలు మధ్యలో ఉంది. – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: లేదమ్మా. ఉద్యోగం ముగిసిన రోజు దాటాక గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీయే గడువు. సెవరెన్స్ డబ్బులు ఈ లెక్కను పెంచవు. హెచ్-4లో ఉన్న మీకూ, బాబుకీ ఇదే లెక్క. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అప్రూవల్ కోసం ఆగకుండానే ఆయన అక్కడ చేరొచ్చు. ఆశ కనబడకపోతే, గడువు దాటకముందే బి-2కి మార్చమని అప్లై చేసుకోవచ్చు. అప్పుడు ఆయన పని చెయ్యకూడదు. ఇంటికే వచ్చేయాలనుకుంటే, గడువుకు ముందే తీసేసిన కంపెనీ ఆయన తిరుగు ప్రయాణం ఖర్చు భరించాలి. అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి.

ఇవి అందరికీ వర్తించే నియమాలు. కాగితం పెట్టేముందు విద్యార్థులు డీఎస్‌ఓని, ఉద్యోగులు లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన జవాబుతో సరిపెట్టుకోకండి. మాకు ప్రశ్న పంపేటప్పుడు పాస్‌పోర్ట్, సెవిస్ నంబర్లు రాయకండి. ఐ-94 మీద ఏముందో మాత్రం తప్పక రాయండి.