ఉత్తరాన్ని విప్పని బ్రౌజరు కావాలి

భిలాయిలో తయారైన పట్టాల మీద ఈ దేశపు రైళ్ళు నడిచాయి. ఆ రైళ్ళలోని ఆర్.ఎం.ఎస్. బోగీలలో రాత్రంతా సార్టింగు జరిగి ఉత్తరాలు ఊరూరికీ చేరాయి. ఉక్కు కర్మాగారంలో పనికీ, రైల్వే యార్డులో పనికీ ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చి భిలాయిలోనూ, చరోదాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్వగ్రామాలతో సంబంధం నిలుపుకున్నది ఆ ఉత్తరాల వల్ల, మనియార్డర్ల వల్లనే. అంటించిన కవరును చేరవేయడమే తప్ప విప్పి చూడరాదన్న నియమాన్ని తపాలా ఉద్యోగి తన వృత్తిధర్మంగా భావించాడు. ఆ నియమానికి ముప్పు వాటిల్లినప్పుడు దేశం మౌనం వహించలేదు. ఉత్తరాలను విప్పే అధికారాన్ని విస్తరింపజేసే బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించినప్పటికీ రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానిపై సంతకం చేయలేదు.

నేడు మన ఉత్తరాలలో అధిక భాగం సంచులలో ప్రయాణించడం లేదు. జీతపు చీటీ, పొదుపు ఖాతా, రైలు టిక్కెట్టు, పిల్లల పరీక్షా ఫలితాలు, అన్నీ చేతిలోని ఫోనులో బ్రౌజరు ద్వారానే నడుస్తున్నాయి. కనుక బ్రౌజరే నేటి తపాలా బంట్రోతు. అతడు కవరు విప్పుతున్నాడా, లేదా అన్న ప్రశ్న అందరికంటె ముందు మనమే అడగవలసినది.

జరుగుతున్నది ఏమిటో స్పష్టంగా తెలుసుకుందాం. మనం ఒక వార్తాపుటను తెరిస్తే ఆ పుటతో పాటు మనం పిలవని ప్రకటనల సంస్థలు కూడా లోపలికి వస్తాయి. మన యంత్రంలో కుకీ అనే చిన్న గుర్తును ఉంచుతాయి. మరొక పుటకు వెళ్ళినప్పుడు అక్కడ కూడా పొంచివున్న అదే సంస్థ ఆ గుర్తును చదివి, వచ్చినది ఆ మనిషేనని పోల్చుకుంటుంది. ఈ విధంగా ఒక ఉద్యోగి ఏ జబ్బును గురించి చదివాడో, ఎక్కడ అప్పు కోసం వెతికాడో, బదిలీపై ఏ న్యాయసలహా కోరాడో, సమ్మె నోటీసు నిబంధనలను ఎప్పుడు చూశాడో, అంతా ఒక దస్త్రంగా తయారవుతుంది. దస్త్రం ఉన్నచోట కొనుగోలుదారు కూడా ఉంటాడు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ప్రయాణికుల, సరకు రవాణా ఖాతాదారుల సమాచారాన్ని ఆదాయ వనరుగా మార్చేందుకు సలహాసంస్థ కావాలని 2022 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. టెండరు పిలిచింది. విమర్శలు వెల్లువెత్తిన మీదట ఆ నెలాఖరులోనే దానిని ఉపసంహరించుకున్నది. నిరసన లేకపోతే ఉపసంహరణ కూడా ఉండేది కాదు.

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. క్రోమ్ బ్రౌజరులోని ఇన్‌కాగ్నిటో అనే ఏర్పాటును చూసి తమను ఎవరూ గమనించడం లేదని అనేకులు నమ్ముతున్నారు. అది మన ఫోనులో మిగిలే జాబితాను మాత్రమే చెరిపివేస్తుంది. మన చేతిలోని రసీదును చింపివేసినంత మాత్రాన తపాలా కార్యాలయపు రిజిస్టరులో నమోదు చెరిగిపోదు గదా! ఈ విషయమై 2020లో అమెరికాలో గూగుల్ సంస్థపై దావా దాఖలైంది. ఆ విధంగా సేకరించిన వందల కోట్ల నమోదులను తొలగించేందుకు 2024లో ఆ సంస్థ రాజీ ఒప్పందంలో అంగీకరించింది.

బ్రౌజరును ఎన్నుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. దానికి జీతమిచ్చేవారు ఎవరు? మనం ఏ మీటా నొక్కకుండానే అది రక్షణ కల్పిస్తున్నదా? దాని లోపలి నిర్మాణాన్ని బయటి నిపుణులు తనిఖీ చేయగలరా?

క్రోమ్‌కు యజమాని గూగుల్. ఆ సంస్థ ఆదాయంలో సింహభాగం ప్రకటనలదే. ఇతర సంస్థల కుకీలను రెండేళ్ళలో తొలగిస్తామని 2020లో ప్రకటించి, 2024లో ఆ మాట నుండి వెనుకకు తగ్గింది. ఫైర్‌ఫాక్స్‌ను నడుపుతున్నది లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్‌కు చెందిన సంస్థ. దాని నిర్మాణం బహిరంగం. ఏ సైటు కుకీ ఆ సైటుకే పరిమితమయ్యే ఏర్పాటును 2022 నుండి కంప్యూటర్లలో అందరికీ వర్తింపజేసింది. స్వచ్ఛంద కార్యకర్తల కృషి ఫలితంగా తెలుగులోనూ లభిస్తున్నది. అయితే దాని ఆదాయంలో అధిక భాగం గూగుల్ శోధనా ఒప్పందం నుండే వస్తున్నదనీ, మీ సమాచారాన్ని ఎన్నడూ అమ్మబోమన్న వాగ్దానపు మాటలను 2025లో సవరించిందనీ మరువరాదు. బ్రేవ్ మొదటినుండే ట్రాకర్లను అడ్డుకుంటుంది. కాని తన స్వంత ప్రకటనల వ్యాపారం దానికీ ఉన్నది. ఆపిల్ ఫోనులలోని సఫారీ 2020 నుండి ఇతర సంస్థల కుకీలను పూర్తిగా ఆపుతున్నది. కవరులో కవరు, దానిలో మరొక కవరు పెట్టి మూడు చేతులు మార్చి పంపినట్లు పనిచేసేది టార్. అది నిదానంగా నడుస్తుంది. అత్యంత గోప్యమైన అవసరాలకు తగినది.

సామాన్య ఉద్యోగికి మా సలహా ఇది: ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, సెట్టింగులలో ట్రాకింగ్ రక్షణను స్ట్రిక్ట్‌కు మార్చి, యూబ్లాక్ ఆరిజిన్ చేర్చుకోండి. క్రోమ్ వదలలేనివారు కనీసం సెట్టింగులలో థర్డ్ పార్టీ కుకీలను నిరోధించండి. ముక్కూ మొహం తెలియని ఎక్స్‌టెన్షన్లను చేర్చుకోవద్దు. రక్షణ పేరిట వినియోగదారుల వీక్షణ వివరాలను అమ్మినందుకు అవాస్ట్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ 65 లక్షల డాలర్లు విధించింది.

బ్రౌజరు శక్తికి హద్దులున్నాయి. కార్యాలయపు కంప్యూటరులో ఏ బ్రౌజరు వాడినా యాజమాన్యం చూడదలిస్తే చూడగలదు. సంఘ వ్యవహారాలకు ఆ యంత్రాన్ని ఎన్నడూ ఉపయోగించరాదు. స్వంత పేరుతో లాగిన్ అయి ఉన్నంతసేపు ఆ సంస్థకు మనమెవరమో తెలుస్తూనే ఉంటుంది.

వ్యక్తిగత జాగ్రత్తతోనే సమస్య తీరదు. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అయినా 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన కొత్త తపాలా చట్టం దేశభద్రత మొదలైన కారణాలపై తపాలాను అడ్డగించి విప్పే అధికారాన్ని ప్రభుత్వం చేతిలో ఉంచింది. వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చినా నియమాలు వెలువడడానికి 2025 నవంబరు దాకా పట్టింది. తీర్పు హక్కును ప్రకటిస్తుంది. దానిని నిలబెట్టవలసింది సంఘటిత శక్తి.

కనుక ప్రతి శాఖ తన తదుపరి సమావేశంలో ఒక అరగంట కేటాయించి సభ్యుల ఫోనులలో ఈ మార్పులు చేయించాలి. యువ ఉద్యోగులు పెద్దలకు నేర్పాలి. శాఖాపరమైన పోర్టళ్ళలో ప్రకటనల ట్రాకర్లు ఉండరాదనీ, అవి అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయాలనీ, ఉద్యోగుల, ప్రయాణికుల, ఖాతాదారుల వివరాలు వారి సమ్మతి లేకుండా వ్యాపార వస్తువు కారాదనీ తీర్మానించి యాజమాన్యానికి పంపాలి. ఇతరుల ఉత్తరాల రహస్యాన్ని తరతరాలుగా కాపాడిన మనకు మన ఉత్తరాల రహస్యాన్ని కాపాడమని అడిగే హక్కు సంపూర్ణంగా ఉన్నది.