తెరచిన ఇంట మూసిన గది

రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉన్న మన చమురుశుద్ధి సంస్థ నయారా ఎనర్జీ 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. యూరోపియన్ యూనియన్ ఆంక్షల దరిమిలా మైక్రోసాఫ్ట్ తనకు సేవలు నిలిపివేసిందన్నది ఫిర్యాదు. కొద్దిరోజుల్లోనే సేవలు పునరుద్ధరింపబడ్డాయి. కాని మీట ఎవరి చేతిలో ఉన్నదో దేశానికి తెలిసివచ్చింది.

దీనికి విరుగుడు ఓపెన్ సోర్స్ అన్న మాట రాజధానికి కొత్తది కాదు. ప్రభుత్వ టెండర్లలో దానిని పరిశీలించాలనీ, కాదంటే కారణం చెప్పాలనీ 2015లోనే కేంద్రం విధానం ప్రకటించింది. సీ-డాక్ వారి ‘బాస్’, రక్షణశాఖ వారి ‘మాయా’ లినక్స్ పునాదిపై వెలసినవే. ఇది హర్షణీయమే. అయితే పేరు చూసి మురిసిపోరాదని నా అభిప్రాయం.

అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో తన సొలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్‌ను చాలావరకు వెల్లడించి, ఓపెన్ సొలారిస్ అన్నది. కాని ఇతరులకు హక్కులున్న కొన్ని భాగాలను యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపంలో ఇచ్చింది. వాటిలో ఒకటి వివిధ భాషల అక్షరాలను, తేదీలను సవరించే చిన్న భాగం. ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన సీ లైబ్రరీ అది లేనిదే తయారు కాదు!

2010లో సన్‌ను కొనుగోలు చేసిన ఒరాకిల్, ఆ ఏడే ఓపెన్ సొలారిస్‌కు స్వస్తి చెప్పింది. వెల్లడైన కోడ్‌ను వెనక్కి తీసుకోవడం ఎవరితరమూ కాదు. చిక్కల్లా మూసివుంచిన భాగాలతోనే. అదే ఆగస్టులో గ్యారెట్ డామోర్ ప్రభృతులు ‘ఇల్యూమోస్’ ఆరంభించారు. ఫ్రీబీఎస్‌డీ కోడ్ ఆసరాతో ఆ భాషల భాగాన్ని కొత్తగా సమకూర్చారు. నెట్‌వర్క్‌లో ఫైళ్లకు తాళం వేసే భాగం వంటివాటిని తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకున్నారు. ఇల్యూమోస్ నేటికీ సజీవంగా ఉన్నది.

లినక్స్ సైతం ఈ బెడదకు అతీతం కాదు. వైఫై, గ్రాఫిక్స్ చిప్‌లు అనేకం తయారీదారు ఇచ్చే మూసిన ఫర్మ్‌వేర్ లేనిదే సరిగా పనిచేయవు.

కనుక 2015 విధానానికి ఒక షరతు చేర్చాలి. ప్రభుత్వానికి సిస్టమ్ అందించే ప్రతివారూ అందులోని మూసిన భాగాల జాబితా, వాటి యజమానుల వివరాలు, ప్రత్యామ్నాయ మార్గం సమర్పించాలి. ఆ ప్రత్యామ్నాయాలు రాసే ఇంజనీర్లకు బడ్జెట్‌లో నిధులుండాలి. సరఫరా ఆగిపోయిన తర్వాత ఈ పని ఆరంభిస్తే, అది మంటలు లేచాక బావి త్రవ్వడమే అవుతుంది.